పచ్చ దీపం కింద ఆరు నెలలు

ఓబులేసు నాలుగు పేజీల తనిఖీ కాగితాన్ని, పద్దెనిమిది అంతస్తుల భవనం మేనేజరు కళ్ళముందే నమిలి మింగి, పైన అర సీసా మంచినీళ్ళు తాగి తేన్చాడు. నమ్మకపోతే రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద టీ బండి దగ్గర ఎవరినైనా అడగండి. నీలం చొక్కా, మెడలో ట్యాగు, జేబులో టెస్టర్ ఉన్న ప్రతివాడూ ఈ సంగతి చెబుతాడు. కొందరు ఆరు పేజీలంటారు. స్టేప్లర్ పిన్నుతో సహా మింగాడనే వాళ్ళు కూడా ఉన్నారు గానీ, రెండో టీ తాగేటప్పటికి పిన్ను మాత్రం వాళ్ళే వెనక్కి తీసుకుంటారు.

మనిషిని చూస్తే కాగితం మింగేవాడిలా కనిపించడు. యాభై నాలుగేళ్ళు. గోడకు క్లిప్పులేసి బిగించిన కేబులులా నిటారుగా ఉంటాడు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే ఎర్ర వైరుతో కట్టుకున్నాడు. ఆ కట్టు కంపెనీ కాడ కన్నా గట్టిగా ఉందని పదేళ్ళుగా మార్చలేదు. పుట్టింది జమ్మలమడుగు పక్కన, ఐటీఐ చదివింది ప్రొద్దుటూరులో, కాపురం మూసాపేటలో. అతను హైదరాబాదు వచ్చిన కొత్తలో ఖాజాగూడ బండల మీద మేకలు ఎండ కాచుకునేవి. ఇప్పుడు ఆ బండల మీద అపార్ట్‌మెంట్లు కూర్చున్నాయి. వాటిలో సగానికి ఫైర్ అలారం తీగలు లాగింది తనేనని ఓబులేసు చెప్పడు, ఊళ్ళో వాళ్ళు చెబుతారు. సగం కాకపోయినా పావు వంతైతే నిజమే.

అతని పని ఎవరికీ కనిపించేది కాదు. ఆ అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే వేలమందిలో ఒక్కరికీ ఓబులేసు పేరు తెలియదు. తెలియాల్సిన అవసరం రాకుండా చూడటమే అతని ఉద్యోగం. తీగ బిగించాక మూడుసార్లు లాగి చూస్తాడు. దేవుడు వచ్చి నేను బిగించానని చెప్పినా సరే, లాగి చూశాకే మొక్కుతాడు. పెళ్ళిచూపులకు వెళ్ళి, ముందు పిల్లను కాకుండా గోడ మీది స్విచ్ బోర్డును చూశాడట. "ఇది ఎవురు బిగించినారు? ఎర్త్ తీగ యాడ?" అన్నది అత్తగారింట్లో అతను పలికిన మొదటి మాట. "నన్ను చూసింది బోర్డు బాగుచేసినాకనే" అని జయమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఆ బోర్డు ఇంకా పనిచేస్తోందని అతని జవాబు.

అలాంటి మనిషికి కోపం తెప్పించాలంటే పెద్ద తప్పు అక్కర్లేదు. బియ్యపు గింజంత తప్పు చాలు.

ఆ భవనం వెనకవైపు, ఉద్యోగులెవరూ తొంగిచూడని చోట, జనరేటర్ గది ఉంది. నాలుగు జనరేటర్లు, ఒక్కొక్కటి సిటీ బస్సంత. పక్కన నాలుగువేల లీటర్ల డీజిల్ ట్యాంకు. గోడల మీద నాలుగు ఫ్లేమ్ డిటెక్టర్లు. అవి పొగ వచ్చేదాకా ఆగే రకం కాదు. మంటను కంటితో చూసినట్టు చూస్తాయి. చూడగానే మూలనున్న ఇనప్పెట్టెలోని కంట్రోల్ మాడ్యూలుకు చెబుతాయి. దానిలోని అలారం రిలే టిక్కుమంటుంది. ఆ టిక్కు రెండు తీగల మీద ప్రయాణించి పక్క క్యాబిన్‌లోని పెద్ద ప్యానెల్‌కు చేరాలి. చేరితే హూటర్లు మోగుతాయి, డీజిల్ వాల్వు మూసుకుంటుంది, మెట్ల తలుపుల తాళాలు ఊడతాయి. చేరకపోతే ఆ టిక్కు గోడకు చెప్పుకున్న గోడే.

ఆ రెండు తీగలు మధ్యలో తెగితే ప్యానెల్‌కు తెలియాలి కదా. అందుకని తీగల ఆఖరి కొసన, రిలే దగ్గర, బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి బిగిస్తారు. ప్యానెల్ పగలూ రాత్రీ ఆ గింజను తడుముతూనే ఉంటుంది. గింజ తగిలితే దారి బాగుందని పచ్చ దీపం. తగలకపోతే దారి తెగిందని పసుపు దీపం. ఇంతే విద్య. ఇది తెలిసినవాళ్ళు లోకాన్ని కాపాడగలరు, ఇది తెలిసినవాళ్ళే లోకాన్ని మోసం చేయగలరు కూడా.

ఈ కాగితం గొడవకు మూడు దసరాల ముందు, ఆయుధపూజ రోజు ఆ గదిలో జనరేటర్లకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, అరచేయంత కర్పూరం బిళ్ళ పళ్ళెంలో వెలిగించారు. హారతి రెండో జనరేటర్ దాకా వచ్చిందో లేదో, గోడ మీది డిటెక్టర్ చూసింది. దేవుడికిచ్చే హారతికీ డీజిల్‌కు అంటుకున్న మంటకూ తేడా దానికెవరూ నేర్పలేదు. హూటర్లు మోగాయి. పద్దెనిమిది అంతస్తులూ మెట్ల మీదికి వచ్చి పడ్డాయి. మీటింగు మధ్యలో ఉన్నవాళ్ళు తెరిచిన ల్యాప్‌టాప్‌లను పసిపిల్లల్లా చంకనేసుకుని దిగారు. పైఆఫీసుల నుంచి వచ్చిన తిట్లన్నీ భవనం మేనేజరు ఉదయ్ భాస్కర్ పళ్ళెంలో పడ్డాయి.

మరుసటి ఏడు దసరా ముందు ఆయన ఓబులేసును పిలిచి, "పూజ మానలేమండి, హారతీ మానలేం. ఏదో ఉపాయం చెప్పాలి మీరు" అన్నాడు. సక్రమమైన దారి ఒకటి ఉంది. ప్యానెల్‌లోనే ఆ గది అలారాన్ని కాసేపు ఆపే మీట ఉంటుంది. కానీ అది నొక్కితే పసుపు దీపం వెలుగుతుంది, రికార్డులో గంటా నిమిషంతో సహా నమోదవుతుంది, అద్దెకున్న కంపెనీ సేఫ్టీ ఆఫీసరుకు ముందుగా ఉత్తరం రాయాలి. ఉదయ్ భాస్కర్‌కు ఉత్తరాలంటే చేదు.

ఓబులేసుకు తన విద్య మీద కొంచెం గర్వం. ఎంత మంచివాడికైనా ఒక చోట తోక ఉంటుంది, దాన్ని ఉదయ్ భాస్కర్ పట్టుకున్నాడు. రిలే నుంచి వచ్చే రెండు తీగలను ప్యానెల్ దగ్గర విప్పి, కొసలకు టేపు చుట్టి పక్కన పెట్టాడు. రిలే దగ్గరి గింజను తెచ్చి ప్యానెల్ ముక్కు కిందనే బిగించాడు. ప్యానెల్ తడుముకుంది, గింజ తగిలింది, పచ్చ దీపం. గదిలో లంకాదహనం జరిగినా దానికిక తెలియదు. ఆపరేటర్ ఓదెలుకు పక్కన నిలబెట్టి చూపించాడు. "పదైదు నిమిషాలే. హారతి అయినాక యాడిది ఆడ పెట్టల్ల" అన్నాడు. ఆ ఏడు తనే దగ్గరుండి తిరిగి పెట్టాడు, మూడుసార్లు లాగి చూశాడు.

ఆ తర్వాతి దసరాకు ఓబులేసు వేరే భవనంలో ఉన్నాడు.

ఆ దసరా అయిపోయి ఆరు నెలలు. ఏప్రిల్ ఎండలో ఓబులేసు ఏడాది తనిఖీకి వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి అన్నిటికన్నా ఎక్కువ అంతస్తులున్న కంపెనీ నుంచి సేఫ్టీ ఆఫీసర్ అశ్విని వస్తుంది. ఆలోగా తనిఖీ కాగితం సిద్ధంగా ఉండాలి. మంటలాగే మినుకుమనే టార్చి చేత పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. ఓదెలు క్యాబిన్‌లో ప్యానెల్ కింద తన కుర్చీలో కూర్చున్నాడు. మంథని వైపు మనిషి, ఏడేళ్ళుగా అదే కుర్చీ. అన్నం తినేది, పేపరు చదివేది, ఇంటికి ఫోన్ చేసేది ఆ పచ్చ దీపం కిందనే.

"టార్చి ఏస్తాండా. ప్యానెల్ చూసి చెప్పు" అని కేకేశాడు ఓబులేసు.

డిటెక్టర్ మీద ఎర్ర చుక్క వెలిగింది. మాడ్యూల్ మీద వెలిగింది. రిలే టిక్కుమనడం చెవికి వినిపించింది.

"ఏమాయె?"

"ఏం గాలే అన్నా. పచ్చగనే ఉన్నది."

రెండో డిటెక్టర్‌కు వేశాడు. మూడోదానికి వేశాడు. నాలుగోదానికి వేశాడు.

"పచ్చగనే ఉన్నదన్నా" అన్నాడు ఓదెలు, అది శుభవార్త అనుకుంటూ.

ఓబులేసు మీటర్ తీసి రిలే టెర్మినళ్ళ మీద పెట్టాడు. కలవాల్సినప్పుడు కలుస్తోంది, విడాల్సినప్పుడు విడుతోంది. రిలేలో తప్పు లేదు. అది అరుస్తూనే ఉంది. తీగల కొస దగ్గర చూస్తే గింజ లేదు. క్యాబిన్‌లోకి నడిచి ప్యానెల్ తలుపు తెరిచాడు. గింజ ప్యానెల్ ముక్కు కిందనే ఉంది. రెండు తీగలూ నల్ల టేపు చుట్టుకుని పక్కన పడి ఉన్నాయి. టేపు మీద పసుపు వేళ్ళ ముద్రలు ఎండిపోయి ఉన్నాయి.

"ఓదెలూ, దసరా ఎప్పుడైంది?"

"అక్టోబర్ల అన్నా."

"ఇప్పుడేం నెల?"

ఓదెలు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అందులో నెల మారదని తెలిసీ చూశాడు. తర్వాత గొంతు దించి చెప్పాడు. "హారతి అయినంక మల్ల పెడ్దామనే అనుకున్న. గుమ్మడికాయ కొట్టిండ్రు, పులిహోర పంచుడు షురూ జేసిండ్రు. గంతల కరెంటు పోయింది. నాలుగు మిషన్లు నడవాలె, నేనొక్కన్నే. ఇగ యాది మరిచిన. పచ్చగ ఉంటె ఎవలు తెరిచి చూస్తరన్నా."

"మేము చూడల్ల. జనవరిలో మావాళ్ళు వచ్చి చూడలేదా?"

"జనవరిల ఎవ్వలు రాలే."

"తనిఖీ అయినట్టు కాగితం ఉండాదే ఫైల్లో."

"కాగితం వచ్చింది."

ఆ రెండు మాటలు విన్నాక ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయని, ఆ ఎరుపును కూడా డిటెక్టర్ పట్టేసిందని టీ బండి దగ్గర చెబుతారు. అది వదిలేయండి. కానీ అతను ఓదెలు కుర్చీ వైపు, దాని వెనక గోడ వైపు, గోడ అవతలి డీజిల్ ట్యాంకు వైపు వరసగా చూసిన మాట నిజం.

"ఆరు నెల్లు ఈడ కూచున్నావు" అన్నాడు. "నెత్తి మీద దీపం పచ్చగుండాదని ధైర్యంగా అన్నం తిన్నావు. ఆ పక్క అంటుకొనింటే నువ్వు కాలి బొగ్గయినా ఇది పచ్చగానే ఉండేది. తెలుసునా నీకు?"

"నాకేమెరుకన్నా. నువ్వు జూపిచ్చినట్లే జేసిన."

ఆ మాట అనాలని అనలేదు ఓదెలు. అందుకే అది ఎక్కువ తగిలింది.

ఓబులేసు గింజను తీసి రిలే దగ్గర బిగించాడు. తీగలు ప్యానెల్‌కు కలిపాడు. మూడుసార్లు లాగాడు. పై అంతస్తుల హూటర్లు తనిఖీకని ముందే ఆపి ఉంచాడు గనక, టార్చి వేస్తే ప్యానెల్ ఎర్రబడి, క్యాబిన్ హూటర్ ఒక్క అరుపు అరిచింది. మొత్తం పని అరగంట. ఆరు నెలల చావు, అరగంట వైద్యం. కోపం తగ్గడానికి అది చాలాలి. తగ్గలేదు. ఎందుకంటే ఇంకా కాగితం ఉంది.

ఆ కాగితంలో ప్రతి వరసకూ రెండు గడులుంటాయి. వచ్చేసరికి ఎలా ఉంది, వెళ్ళేసరికి ఎలా ఉంది. ఈ ఊళ్ళో ఎన్ని అద్దాల మేడలున్నాయో అన్నిటిలోనూ ఆ రెండు గడులూ ఒకే మాట చెబుతాయి. రెండో గడి ముందు నింపి, మొదటి గడిలో 'డిటో' గుర్తు పెట్టేయడం ఆచారం. వచ్చేసరికీ బాగుంది, వెళ్ళేసరికీ బాగుంది. మరి ఎందుకు వచ్చినట్టో ఎవరూ అడగరు. ఓబులేసు మాత్రం ముప్పై ఏళ్ళుగా మొదటి గడినే ముందు నింపుతాడు.

రెండుంపావుకు ఉదయ్ భాస్కర్ వచ్చాడు. మృదువైన మనిషి. భీమవరం మర్యాద, ఇస్త్రీ నలగని చొక్కా. తిట్టాల్సి వచ్చినా అండీ అని తిడతాడు.

"ఓబులేసు గారూ, ఏదో చిన్న సమస్య ఉంటే బాగు చేసేశారటగా. చాలా థాంక్సండి. రిపోర్టు ఇచ్చేస్తే ఫైల్లో పెట్టేస్తాను."

"రాస్తాండా సార్."

ఉదయ్ భాస్కర్ భుజం మీదుగా తొంగి చూశాడు. అలారం రిలే వరసలో, మొదటి గడిలో, 'పనిచేయలేదు' అని ఉంది.

"ఇదేంటండి?"

"వచ్చేసరికి ఎట్లుండాదో అది."

"ఇప్పుడు పనిచేస్తోంది కదండీ."

"అది రెండో గడి సార్. ఆడ పనిచేస్తాందనే రాసినా."

"అలా కాదండి. మొదటి గడిలో ఇలా కనబడితే అశ్విని గారు ఎప్పటి నుంచి అని అడుగుతారు."

"అడగల్ల కదా. అందుకే కదా ఆ గడి పెట్టింది."

ఉదయ్ భాస్కర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఓసారి నా మాట వినండి. ఆరు నెలలంటే బిల్డింగుకే మచ్చ. నాకూ, మీకూ, మీ కంపెనీకీ. ఎవరికీ ఏం కాలేదు, దేవుడి దయవల్ల. జరగని దానికి కాగితం ఎందుకండి?"

"సార్, కింద లాబీలో కాఫీ మిషన్‌కు వారానికి రెండుసార్లు మనిషి వస్తాడు. మొన్న పాలు విరిగినాయని ప్రతి లిఫ్టులో నోటీసు అంటించినారు. నేను చదివినా. క్షమించండి అని కూడా రాసినారు. పాలు విరిగితే పద్దెనిమిది అంతస్తులకూ చెప్పినారు. అలారం ఆరు నెల్లు చచ్చి పడుంటే నాలుగు గోడల మధ్య పూడ్చమంటాండారు."

"కాఫీకీ దీనికీ పోలికేంటండి."

"లేదు సార్. కాఫీ పెద్దదే."

ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. సంచిలోంచి ఇంకో కాగితాల కట్ట తీశాడు. అదే ఫారం. కంప్యూటర్‌లో శుభ్రంగా నింపి అచ్చు తీసి ఉంది. రెండు గడులూ బాగున్నాయి. తనిఖీ ఇంకా జరగకముందే, పొద్దున్నే అచ్చయిన కాగితం అది. కింద సంతకం గీత ఒక్కటే ఖాళీ.

"ఇక్కడ పెట్టేయండి చాలు. లేదంటే నేను మరోలా రాయాల్సి వస్తుందండి. ప్యానెల్ తెరిచి తీగలు విప్పింది ఓదెలు. ఎవరి అనుమతి లేకుండా."

తలుపు దగ్గర నిలబడ్డ ఓదెలు ఒక్క అడుగు లోపలికి వేశాడు. "సార్, మీరే గదా జెయ్యుమన్నరు."

"నేను పూజకు ఏర్పాట్లు చేయమన్నానయ్యా. పూజకు."

ఓబులేసు కలం కింద పెట్టాడు. ఎదుటివాడు గొంతు పెంచితే దీటుగా పెంచవచ్చు. మెత్తగా మాట్లాడుతూ మనిషిని నరికేవాడితో ఏం చేయాలో ప్రొద్దుటూరు ఐటీఐలో నేర్పలేదు. ఈలోగా ఉదయ్ భాస్కర్ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాడు. అవతల ఓబులేసు కంపెనీ యజమాని వెంకటరమణ. ఒకప్పుడు ఓబులేసు వెనక నిచ్చెన మోసి, వైరు తొక్క ఒలవడం అతని దగ్గరే నేర్చుకున్న మనిషి.

"ఏందన్నా పంచాయితీ. ఉదయ్ సార్ ఇందాకనే అంతా చెప్పినాడు. సంతకం పెట్టి వచ్చేయ్" అన్నాడు వెంకటరమణ.

"జనవరిలో ఈడికి ఎవురొచ్చినారు?"

"అదెందుకిప్పుడు."

"నీ సంతకం ఉండాది. నువ్వు వచ్చినావా?"

"అన్నా, ముప్పై సైట్లుండాయి. అన్నింటికీ మనిషి పోవల్లంటే అయ్యే పనేనా. అందరూ చేసేదే."

"నేను చేయలేదు."

"ఓహో. అయితే ఒక మాట చెప్పు. ఆ రెసిస్టర్ ఎత్తి ప్యానెల్ దగ్గర పెట్టే ఉపాయం ఓదెలుకు ఎవురు నేర్పినారు? నేనా? ఉదయ్ సారా? రాయి అన్నా, నీ ఇష్టం. ఎప్పటి నుంచి అని ఆమె అడుగుతాది, ఎట్ల చేసినారు అని అడుగుతాది, ఆఖరికి నీ పేరు కాడికే వస్తాది. ముప్పై ఏండ్ల పేరు. బుద్ధిగా సంతకం పెట్టు. పెట్టకపోతే సోమవారం వచ్చి సామాన్లు అప్పజెప్పు."

ఫోన్ ఆగిపోయింది. ఉదయ్ భాస్కర్ కలం తీసి, మూత విప్పి, అచ్చు కాగితం మీద అడ్డంగా పెట్టాడు. "మూడింటికి వస్తానండి" అని బయటికి వెళ్ళాడు.

ఓబులేసు ఓదెలు కుర్చీలో కూర్చున్నాడు. పచ్చ దీపం ఇప్పుడు సరిగ్గా అతని నెత్తి మీద ఉంది. ఇందాకటి దాకా అతని కోపానికి గురి చూసుకోవడానికి చాలామంది ఉన్నారు. పూజ మానని మేనేజరు, రాకుండానే వచ్చినట్టు రాసిన యజమాని, యాది మరిచిన ఆపరేటర్. ఇప్పుడు ఆ కోపం తిరిగి తిరిగి సొంత చొక్కా పట్టుకుంది. పదిహేను నిమిషాలని తను చెప్పిన మాటకు గడియారం ఎవరు కట్టారు? పసుపు దీపాన్ని పచ్చగా చూపించే విద్య ఒకడి చేతిలో పెట్టి, రోజూ దాన్ని చూస్తూ బతకాల్సింది కూడా వాడేనని ఆలోచించిందెవరు?

"అన్నా" అన్నాడు ఓదెలు. "రాయకు. మిషన్లు దప్ప నాకు ఇంకో పని రాదు. జర సోచాయించు. గిప్పుడు మంచిగనే ఉన్నది గదా. ఇగ మరువ, ఒట్టు."

"నీ మాట మీద నాకు నమ్మకముండాది. దసరా మీద లేదు." ఓబులేసు గొంతు ఆ రోజు మొదటిసారి పైకి లేచింది. "మళ్ళా వస్తాది గదప్పా. మళ్ళా కర్పూరం తెస్తారు. ఓదెలూ, ఆ పని చెయ్ అంటారు. నువ్వు కాకపోతే ఇంకొకడు చేస్తాడు. వానికి నేనెవరో కూడా తెలీదు, గింజ యాడుండల్లో తెలీదు. కరెంటు పోతాది, పులిహోర వస్తాది, మరిచిపోతాడు. నౌకరి పోతాదని నువ్వు అంటాండావు. నౌకరి చేసేదానికి మనిషి ఉండల్లనా వద్దా?"

"నువ్వు రాస్తె నన్ను తీసేస్తరన్నా."

"నిన్ను తీసేసేటట్టు నేను రాయను."

"మల్ల ఎట్ల రాస్తవు?"

ఓబులేసు కళ్ళజోడు తీసి, ఎర్ర వైరు కట్టును బొటనవేలితో నొక్కి, మళ్ళీ పెట్టుకున్నాడు.

మూడింటికి అశ్విని వచ్చింది. ఆమె వెంట ఉదయ్ భాస్కర్, చేతిలో ట్రే, ట్రేలో ఆ లాబీ కాఫీయే. ఇక్కడి నుంచి కథ టీ బండి చేతికి పోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. ఒకరి లెక్క ప్రకారం ఓబులేసు లేచి నిలబడి, అచ్చు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అప్పడంలా కొరికాడు. ఇంకొకరి లెక్కలో కాఫీలో నంజుకున్నాడు. మేనేజరు అడ్డం పడబోతే రాయలసీమ చూపు ఒకటి చూశాడని, ఆ చూపుకు మూడో జనరేటర్ తనంతట తానే ఆగిందని మరొకరు. మింగి, నోరు తెరిచి అశ్వినికి చూపించి, "రెండో గడి లోపల ఉండాది మేడమ్" అన్నాడని అందరూ ఒప్పుకుంటారు.

తర్వాత జరిగినవాటిలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు. సోమవారం ఓబులేసు వెంకటరమణ ఆఫీసులో మీటర్, టార్చి, నిచ్చెన అప్పజెప్పి, రసీదు రాయించుకుని మరీ వచ్చాడు. నెలన్నర మూసాపేట ఇంట్లో కూర్చుని, మంచి బోర్డులన్నీ విప్పి మళ్ళీ బిగించి జయమ్మను విసిగించాడు. తర్వాత నిజాంపేటలో ఇంకో చిన్న కంపెనీ పిలిచింది. అక్కడ సైట్లు తక్కువ, మెట్లు ఎక్కువ. ఉదయ్ భాస్కర్‌కు ఏమీ కాలేదు. అలాంటి వాళ్ళకు ఏమీ కాదు. ఆ భవనంలో హారతి ఇప్పుడు గది బయట, ఆరుబయట ఇస్తారు. ఓదెలు అదే కుర్చీలో ఉన్నాడు. ఆ తర్వాత జరిగిన విచారణలో అతని పేరు రాలేదు. ప్యానెల్ తెరిచిన చేయి అతనిదే, టేపు మీద పసుపు వేళ్ళూ అతనివే. ఐనా ఎందుకు రాలేదో టీ బండి దగ్గర ఎవరికీ తెలియదు. కాగితం కడుపులోకి పోయాక ఇక సాక్ష్యమేముంటుందని వాళ్ళ వాదన.

మొన్నామధ్య ఓబులేసే ఆ బండి దగ్గర ఆగాడు. నలుగురూ చుట్టూ చేరారు. ఐలయ్య అనే లిఫ్ట్ మెకానిక్, కథను ఆరు పేజీల దాకా లాగిన మనిషి, గ్లాసు చేతికిచ్చి అడిగాడు. "అన్నా, నీ నోటితోనే జెప్పు. నమిలి మింగినవా, నీళ్ళతోని మింగినవా?"

ఓబులేసు టీ ఊదుకుని, ఒక గుక్క తాగి చెప్పాడు.

"కాగితం నేను మింగలేదు. వాళ్ళ కాగితం వాళ్ళకే ఇచ్చి, నా కాగితం మీద సంతకం పెట్టినా. వచ్చేసరికి అలారం పనిచేయలేదు అని రాసినా. తీగలు అట్ల విప్పే విద్య నేర్పింది నేనే అని దాని కింద రాసినా. అంతే."